పసుపు లైటు, తెల్ల లైటు, ఆరిన లైటు

ఎపిసోడ్‌లో క్యాంపు దారి లైట్ల గురించి మాట్లాడాను గదా. టైం చాలక వదిలేసిన లెక్కలు, వాటి వెనకున్న చరిత్ర ఇక్కడ రాస్తున్నా.

విశాఖలో నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివేటప్పుడు మా వీధిలో ట్యూబులైటు, జంక్షన్లో మెర్క్యురీ దీపం. మెర్క్యురీ వాట్‌కి 50 ల్యూమెన్లు ఇస్తే గొప్ప. 1960ల్లో అమెరికాలో వచ్చిన హై ప్రెషర్ సోడియం దాన్ని దాదాపు రెట్టింపు చేసింది. గల్ఫ్‌కొచ్చిన కొత్తలో మనం చూసిన పసుపు రోడ్లు దానివే. కానీ ఆ వెలుగులో రంగు తెలీదు, నీలం వైరూ నల్ల వైరూ ఒకేలా ఉంటాయి. రాత్రి షిఫ్టులో టార్చి లేకుండా ఎవర్నీ కేబుల్ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు.

తెల్ల ఎల్ఈడీకి దారి తీసింది నీలి ఎల్ఈడీ. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ ప్రకటించింది 2014 అక్టోబరు 7న. ఐదు రోజులకే, 12న, హుద్‌హుద్ మా విశాఖ మీద పడింది. ఇంటికి ఫోను కలవక నేనిక్కడ పడ్డ యాతన వేరే కథ. తుఫాను తర్వాత ఊళ్ళో వీధిలైట్లను ఎల్ఈడీలోకి మార్చేశారు, సుమారు 90 వేలు. తర్వాతి సెలవుకెళ్తే మా వీధి నేనే గుర్తుపట్టలేదు.

ఇక లెక్క. నడకదారిలో 70 వాట్ల సోడియం, బ్యాలస్ట్ తినేది కలిపితే 85 వాట్లు. రాత్రికి 11 గంటలు వెలిగితే ఏడాదికి 340 యూనిట్లు. బల్బు వెలుగు నాలుగు వైపులా చెదిరిపోతుంది. ఎల్ఈడీ వెలుగు నేరుగా కిందికే పడుతుంది కాబట్టి 30 వాట్లు చాలు, 120 యూనిట్లు. సోడియం బల్బు ఆయుష్షు 24 వేల గంటలైతే దీనికి 50 వేలంటారు.

ఈ లెక్క చూపించే మా సైట్లోనూ పెట్టారు, చవకరకం. చిప్పులు బాగానే ఉన్నాయి, డ్రైవర్లు పోయాయి. డ్రైవర్లోని కెపాసిటర్ ఆయుష్షు వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా సగమవుతుంది. డబ్బా మీద రాసింది 25 డిగ్రీలకి. ఇక్కడ వేసవిలో అర్ధరాత్రి కూడా 35. రెండో వేసవికి వరసగా మూడు స్తంభాలు ఆరిపోయాయి. డ్రైవర్లు మార్చమని నేనిచ్చిన కాగితం రెండు వారాలు ఆఫీసులోనే ఉంది. ఈలోగా మెస్ నుంచి వస్తున్న శ్రీకాకుళం కుర్రాడు కేబుల్ గోతిలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ గొయ్యికి బారికేడ్ పెట్టించకపోవడం మాత్రం నా తప్పే.

ఇప్పుడు కొటేషన్ వస్తే ముందు రెండే అడుగుతా: డ్రైవర్ 50 డిగ్రీలు తట్టుకుంటుందా, లైటు దించకుండా అదొక్కటీ మార్చొచ్చా? ధర తర్వాత చూస్తా.

కుర్రాడు నాలుగు నెలలు పనిలేక, చివరికి ఇంటికెళ్ళిపోయాడు. ఆ మూడు డ్రైవర్లు మార్చడానికి మాకు ఒక పూట పట్టింది.