క్రాస్ క్రీక్: ఇంజన్లు వెళ్ళిపోయిన ఊరు

వెల్లింగ్టన్ నుంచి మాస్టర్టన్ రైల్లో ఎప్పుడైనా వెళ్ళారా? దారిలో 8.8 కిలోమీటర్ల సొరంగం వస్తుంది. మనం ఫోన్ చూసుకుంటుండగానే అయిపోతుంది. 1955 నవంబరులో అది తెరిచేదాకా రైలు ఆ రెముటాకా కొండల మీదుగానే ఎక్కి దిగేది. ఆ పని కోసమే ఒక ఊరు పుట్టింది. ఈసారి ఆ ఊరి సంగతి చెప్పుకుందాం.

ఊరి పేరు క్రాస్ క్రీక్. ఫెదర్‌స్టన్ వైపు, కొండ అడుగున ఉండేది. అక్కడి నుంచి పైన సమ్మిట్ స్టేషన్‌కి 5 కిలోమీటర్లు కూడా లేదు, కానీ 15 అడుగులు నడిస్తే ఒక అడుగు ఎక్కినట్టు ఉండే వాలు. మామూలు ఇంజన్ చక్రాలు జారిపోతాయి. అందుకని 1878లో ఫెల్ పద్ధతిలో లైను వేశారు. రెండు పట్టాల నడుమ కాస్త ఎత్తుగా మూడో పట్టా ఉంటుంది. ఇంజన్ కింద పడుకోబెట్టిన చక్రాలు దాన్ని రెండు పక్కలా అదిమి పట్టుకుంటాయి. తాటిచెట్టు ఎక్కేవాళ్ళు మానును కాళ్ళతో బిగించి పట్టినట్టు అనుకోండి. బరువు ఎక్కువైతే ఒకే రైలుకి నాలుగైదు ఇంజన్లు కట్టేవారు.

అలాంటి ఇంజన్లు మొత్తం ఆరే. వాటి షెడ్డు క్రాస్ క్రీక్‌లో ఉండేది. ఆవిరి ఇంజన్ స్విచ్ వేస్తే కదలదు కదా! బండి వేళకి కొన్ని గంటల ముందే పొయ్యి రాజెయ్యాలి, బొగ్గు నింపాలి, బూడిద తియ్యాలి. నీళ్ళు మరీ ముఖ్యం. అందుకే ఆవిరి షెడ్డు ఎక్కడున్నా పక్కన ఎత్తు మీద నీళ్ళ ట్యాంకు ఉంటుంది, మన డాబా మీది ట్యాంకులాగే నీళ్ళు వాటంతటవే దిగాలని. ఈ పనులన్నిటికీ మనుషులు కావాలి. వాళ్ళ వెంట భార్యలు, పిల్లలు వచ్చారు. ఇళ్ళు, బడి వెలిశాయి.

వెల్లింగ్టన్ గాలి మనకి తెలిసిందే. ఆ కొండల్లో ఒక మలుపుకి సైబీరియా అని పేరు పెట్టారంటే ఊహించుకోండి. 1880 సెప్టెంబరు 11న అక్కడ గాలి రైలు పెట్టెల్ని పట్టాల మీంచి తోసేసింది. పసిపిల్లలు చనిపోయారు. ఆ తర్వాతే గాలికి అడ్డంగా కంచెలు కట్టారు.

సొరంగం వచ్చాక షెడ్డుకి పని లేదు, షెడ్డు లేక ఊరికి పని లేదు. నెల్లూరు జిల్లా బిట్రగుంట వాళ్ళకి ఈ కథ కొత్త కాదు. అంత పేరున్న ఆవిరి ఇంజన్ల షెడ్డు, రైల్వే కాలనీ, డీజిలూ కరెంటూ వచ్చాక కళ తప్పాయి. అయినా బిట్రగుంటలో స్టేషనుంది, జనం ఉన్నారు. క్రాస్ క్రీక్‌లో ఇంజన్ల కింద పనిచెయ్యడానికి తవ్విన గుంటలు, పునాదులు, వాటి చుట్టూ గడ్డీ పొదలూ మిగిలాయి.

ఆరు ఇంజన్లలో ఒకటి, హెచ్ 199, ఫెదర్‌స్టన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. చాలా సంతోషం. కానీ దాన్ని నడిపినవాడికి అర్ధరాత్రి అన్నం పెట్టి పంపిన ఆవిడ ఇల్లు మాత్రం ఏ మ్యూజియంలోనూ లేదు. మన అమ్మమ్మల్లో, అత్తగార్లలో రైల్వే క్వార్టర్లలో కాపురం చేసినవాళ్ళు ఉంటే, ఈ ఆదివారం ఫోన్‌లో అడిగి నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి.

పాత రైలు దారి ఇప్పుడు నడకకీ సైకిళ్ళకీ తెరిచి ఉంది. వెళ్తే సొరంగాల్లోకి టార్చి, సైబీరియా దగ్గరికి మంచి కోటు మర్చిపోకండి. పిల్లల చెయ్యి వదలకండి.