పెరటి కొలను: పొరుగు పిల్లల భద్రత, యజమాని బాధ్యత

ఇంటి ఆవరణలో తవ్విగానీ కట్టిగానీ నీళ్లు నిలిపిన చోటును పెరటి కొలను అంటారు. తామరలు పెంచే కొలను, రంగుచేపల తొట్టి, ఈతకొలను ఈ కోవలోవే. తెలుగు ఇళ్ల విషయంలో పెరటి బావినీ, వాకిట్లో భూమిలోపల కట్టే సంపునూ, పొలంలో ఇంటి పక్కనే తవ్వే సేద్యపు కుంటనూ వీటితో కలిపే చూడాలి. పేర్లు వేరైనా పసిపిల్లలకు వీటివల్ల కలిగే ప్రమాదం ఒకటే. సొంత పిల్లలకు నీళ్ల దగ్గరికి వెళ్లొద్దని రోజూ చెప్పే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటారు. పక్కింటి పిల్లలు చెప్పకుండా వస్తారు. బంతి కోసం వస్తారు, కప్పల కోసం వస్తారు, ఊరికే వస్తారు. అలా పిలవకుండా వచ్చిన పిల్లవాడు నీళ్లలో పడితే ఆ ఇంటి యజమాని జవాబు చెప్పుకోవాలా అన్న ప్రశ్న నూట యాభై ఏళ్లకు పైగా కోర్టులను వెంటాడుతోంది.

నీళ్లలో పడిన పిల్లకు ఏమవుతుంది

నీళ్లలో పడినవాళ్లు చేతులెత్తి కేకలు వేస్తారని సినిమాలు మనకు నేర్పాయి. నిజంగా మునిగిపోయే మనిషి అరవలేడు. నోరు నీటిపైకి వచ్చిన ఆ కాస్త సమయమూ ఊపిరి తీసుకోవడానికే చాలదు. చేతులు పైకి లేవవు, నీటిని కిందికి నొక్కుతూ పక్కలకే చాచుకుంటాయి. ఈ పెనుగులాట సాధారణంగా 20 నుంచి 60 సెకన్లలో ముగిసిపోతుందని అమెరికాలో సముద్రతీర రక్షకుడిగా పనిచేసిన ఫ్రాంక్ పియా గమనించి రాశాడు. పసివాళ్లకు ఆ పెనుగులాట కూడా ఉండకపోవచ్చు. ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు. తొంగి చూస్తే ముందుకే పడతారు, పడ్డాక తల పైకెత్తుకోలేరు. ముక్కూ నోరూ మునిగేటన్ని నీళ్లు చాలు, అంటే రెండు అంగుళాలు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని తల్లి లోపలికి వెళ్లి వచ్చేలోపు జరిగిపోతుంది. వంటింట్లోకి ఏ చప్పుడూ వినిపించదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచమంతటా దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. అందులో నాలుగోవంతుకు దగ్గరగా అయిదేళ్లలోపు పిల్లలే. అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం నీట మునగడమే.

పెరటి కొలనుకు తనదైన మోసం ఒకటుంది. గుర్రపుడెక్కో, పచ్చటి పాచో నీటిని కప్పేస్తే మూడేళ్ల పిల్లకు అది గడ్డి నేలలా కనిపిస్తుంది, అడుగు వేసేస్తుంది. అంచున పరిచిన ప్లాస్టిక్ షీటుకు పాచి పడితే పెద్దవాళ్లు కూడా పట్టు దొరక్క జారిపోతారు.

రైలు పట్టాల నుంచి పెరటిదాకా

ఒకరి స్థలంలోకి అనుమతి లేకుండా వచ్చినవాడికి దెబ్బ తగిలితే యజమాని పూచీ లేదన్నది ఇంగ్లండు, అమెరికాల పాత సూత్రం. పిల్లల విషయంలో ఆ సూత్రాన్ని సడలించిన తీర్పు నీటికి సంబంధించింది కాదు. నెబ్రాస్కా రాష్ట్రంలోని బ్లెయిర్‌లో ఆరేళ్ల బాలుడొకడు ఇంజన్లను తిప్పే రైల్వే టర్న్‌టేబుల్ మీద ఆడుతూ పాదం నలగ్గొట్టుకున్నాడు. దానికి తాళం లేదు. పరిహారం ఇవ్వాల్సిందేనని అమెరికా సుప్రీంకోర్టు 1873లో తేల్చింది. తర్వాతి కేసుల్లో ఈ ఆలోచనకే ‘ఎట్రాక్టివ్ న్యూసెన్స్’ అన్న పేరు స్థిరపడింది. పిల్లల్ని తనవైపు లాక్కునే ప్రమాదం అని దాని అర్థం.

ఆ లాక్కోవడం అన్న మాటను పట్టుకునే 1922లో ఒక కఠినమైన తీర్పు వచ్చింది. కాన్సాస్‌లోని అయోలాలో మూతపడిన రసాయన కర్మాగారాన్ని కూల్చాక దాని పునాది గుంతలో నీళ్లు నిలిచాయి. చూడ్డానికి తేటగానే ఉన్నా అందులో గంధకామ్లం కలిసి ఉంది. 8, 11 ఏళ్ల అన్నదమ్ములిద్దరు ఈతకు దిగి చనిపోయారు. పిల్లలు స్థలంలోకి అడుగుపెట్టిన చోటునుంచి ఆ గుంత కనబడదు కాబట్టి వాళ్లను లోపలికి రప్పించింది అది కాదని జస్టిస్ ఆలివర్ వెండెల్ హోమ్స్ రాశాడు. కంపెనీ బయటపడింది. ఆ తీర్పు చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఏం చూసి వచ్చారని అడిగిన కోర్టు, వచ్చాక వాళ్లకు ఆ నీటి సంగతి ఎలా తెలుస్తుందని అడగలేదు.

అమెరికా న్యాయ పండితులు క్రోడీకరించిన టార్టుల (సివిల్ తప్పుల) ‘రీస్టేట్‌మెంట్’, ప్రమాదమే పిల్లల్ని రప్పించి ఉండాలన్న ఆ షరతును 1934లోనే పక్కన పెట్టింది. అందులోని 339వ సెక్షన్ అడిగేవి వేరే విషయాలు. పిల్లలు వచ్చే అవకాశం ఉందని యజమానికి తెలుసా, తెలిసి ఉండాలా? అక్కడున్నది ప్రాణం తీయగలదా? ఆ ముప్పును అర్థం చేసుకునే వయసు ఆ పిల్లలకు ఉందా? దాన్ని తొలగించడానికయ్యే శ్రమా ఖర్చూ ముప్పుతో పోలిస్తే చిన్నవేనా? ఇవన్నీ నిజమైనా యజమాని తగిన జాగ్రత్త తీసుకోలేదని తేలితే బాధ్యత పడుతుంది. నాకు వీటిలో నాలుగో ప్రశ్నే అన్నిటికన్నా బరువైనదిగా తోస్తుంది. ఒక గడియ ధర ఎంత అన్న లెక్క అక్కడే వస్తుంది.

అయినా నీటి విషయంలో చాలా రాష్ట్రాల కోర్టులు వెనకాడాయి. నీళ్లలో మునుగుతామనీ నిప్పు కాలుతుందనీ పిల్లలకు కూడా తెలుసు, మనిషి తవ్విన కొలను ప్రకృతి చేసిన చెరువులాంటిదే, అందులో దాగిన ప్రమాదం వేరే ఉంటే తప్ప బాధ్యత లేదని వాదించాయి. పదేళ్ల పిల్లవాడికి ఈ మాట కొంత వర్తించవచ్చు. రెండేళ్ల పిల్లకు ఎలా వర్తిస్తుంది? 1959లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది ఏడాదిన్నర బిడ్డ కేసు. పెరట్లో ఆవూ గుర్రాలూ, కంచె లేని కొలనూ ఉన్నాయి. అంత చిన్న బిడ్డకు ముప్పు తెలుసని అనుకోవడానికి వీల్లేదంటూ కోర్టు దావాను విచారణకు అనుమతించింది.

ఒహైయో కేసు

పెరటి కొలనుకు అచ్చంగా సరిపోయే తీర్పు ఒహైయో సుప్రీంకోర్టు 2001లో ఇచ్చింది. 1996లో ఒక జంట కొన్న ఇంటి వెనక కొన్నేళ్లుగా వాడని ఈతకొలను ఉంది. ఒకసారి నీళ్లు తోడించి వదిలేశారు. దాని మీది పట్టానూ, రెండువైపులా ఉన్న కంచెనూ తీసేశారు. వాన నీళ్లు చేరి ఆరడుగులకు పైగా నిలిచాయి. కప్పలు, తోకకప్పలు చేరాయి, గోడలకు పాచి పట్టింది. లోపలికి దిగడానికి నిచ్చెన లేదు, ఎక్కడానికీ లేదు. ఈతకొలను చెరువైపోయింది. అదే ఏడాది పక్కింట్లోకి చిన్నపిల్లలున్న కుటుంబం అద్దెకు దిగింది. ఆ పిల్లలు పెద్దల తోడు లేకుండా ఆరుబయట ఆడుకోవడం యజమాని చూశాడు. వాళ్లు కొలనులోకి వెళ్తారేమోనన్న ఆలోచనే తనకు రాలేదని తర్వాత సాక్ష్యమిచ్చాడు.

1997 మార్చిలో అయిదేళ్ల బాబు అందులో పడ్డాడు. కాపాడబోయిన తల్లి కూడా పోయింది. పని నుంచి ఇంటికి వచ్చిన తండ్రికి విషయం చెప్పింది ఇంట్లో మిగిలిన మూడేళ్ల కూతురే.

పిల్లలు అతిక్రమించి వచ్చారు కాబట్టి దావా నిలవదని కింది కోర్టులు కొట్టేశాయి. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పులను తిప్పేసి 339వ సెక్షన్‌ను ఒహైయో చట్టంలో భాగం చేసింది. బిడ్డను కాపాడబోయిన పెద్దవాళ్ల పట్లా యజమానికి అదే బాధ్యత ఉంటుందని చెప్పింది. యజమానిదే తప్పని ఆ కోర్టు తేల్చలేదు, అది విచారణలో తేలాలని కేసును వెనక్కి పంపింది. ఈ తేడాను మరవకూడదు. యజమాని ప్రతి ప్రమాదానికీ పూచీదారు కాడు. తెలిసీ ఊరుకున్నాడా లేదా అన్నదే తేల్చాల్సింది.

టెక్సస్, న్యూజెర్సీ వంటి చోట్ల ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఇది దూరపు కథ కాదు. కొలను ఉన్న ఇంటికి బీమా చేసేటప్పుడు కంపెనీలు కంచె సంగతి అడుగుతాయి. ఉన్న కొలను సంగతి చెప్పకుండా తీసుకున్న పాలసీ అవసరానికి అక్కరకు రాకపోవచ్చు.

బ్రిటన్‌లో

ఇంగ్లండులో 1957 నాటి ఆక్యుపయర్స్ లయబిలిటీ చట్టమే పిల్లలు పెద్దలంత జాగ్రత్తగా ఉండరని యజమాని ముందే అనుకోవాలని చెబుతుంది. 1972లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చిన కేసులో రైలు పట్టాల పక్కన కంచె ఉంది గానీ తెగి ఉంది. అందులోంచి దూరి ఆరేళ్ల బాలుడు కరెంటు పట్టా మీద పడ్డాడు. రైల్వే బాధ్యత వహించాల్సి వచ్చింది. అనుమతి లేకుండా వచ్చినవాళ్ల పట్ల కూడా కొంత బాధ్యత ఉంటుందని 1984 చట్టం రాసిపెట్టింది. మరోవైపు, మరీ చిన్నపిల్లల్ని ఒంటరిగా వదలని తల్లిదండ్రులు ఉంటారని యజమాని అనుకోవచ్చునని 1955లో జస్టిస్ డెవ్లిన్ అన్నాడు. అదీ న్యాయమైన మాటే.

మన దేశంలో

చెరువు యజమాని బాధ్యత మీద భారతదేశంలో పేరుపడ్డ పాత కేసు తెలుగు నేలదే. చిత్తూరు ప్రాంతపు కార్వేటినగరం జమీందారు చెరువులు భారీ వానలకు తెగి రైలు కట్టడాలను దెబ్బతీశాయి. తప్పున్నా లేకున్నా పరిహారం కట్టాలన్న మద్రాసు రైల్వే వాదనను ప్రీవీ కౌన్సిల్ 1874లో తోసిపుచ్చింది. చెరువులు జనం బతుకుకు ఆధారమనీ, వాటిని కాపాడుకోవడం జమీందారు విధి అనీ, నిర్లక్ష్యం ఉంటేనే బాధ్యత అనీ చెప్పింది. ఊరుమ్మడి చెరువుకు ఆ వాదన సరిపోతుంది. సొంత పెరట్లో ముచ్చటకు తవ్వించుకున్న కొలనుకు దాన్ని అరువు తెచ్చుకోవడం కుదరదు.

మన దగ్గర మూడు దారులున్నాయి. నిర్లక్ష్యం రుజువైతే 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద కుటుంబం పరిహారం కోరవచ్చు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు. పాత భారతీయ శిక్షాస్మృతి 304ఎ సెక్షన్‌లో అది రెండేళ్లే. జనానికి అంతగా తెలియని మూడో దారి ప్రమాదం జరగకముందే పనికొస్తుంది. జనం తిరిగే దారి పక్కన ఉన్న చెరువుకో, బావికో, గొయ్యికో కంచె వేయాలని కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. పాత సీఆర్‌పీసీ 133వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ ఈ అధికారం ఇస్తాయి. వీధిలో ఒక పాడుబడ్డ బావి నోరు తెరుచుకుని ఉంటే ఆర్డీఓ ఆఫీసులో ఒక అర్జీ ఇవ్వడానికి ఎవరి బిడ్డా చనిపోనక్కర్లేదు.

పఠాన్‌కోట్ దగ్గరి ఒక స్కూలు 1995లో విహారానికి తీసుకెళ్లిన పిల్లల్లో 14 మంది బియాస్ నదిలో మునిగిపోయారు. ఒక్కో కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇవ్వాలన్న హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2001లో ఖాయం చేసింది. పిల్లల్ని వెంట తీసుకెళ్లినవాళ్లు తల్లిదండ్రులంత జాగ్రత్తగా ఉండాలన్నది అందులోని సారం. బోరుబావుల్లో పిల్లలు పడిపోతుండటంతో 2010లో సుప్రీంకోర్టు వాటి చుట్టూ ముళ్లకంచె, సిమెంటు దిమ్మె, స్టీలు మూత ఉండాలని నిర్దేశించింది. సంపు గురించి అలాంటి ప్రత్యేక ఆదేశమేదీ జనం నోట వినబడదు. హైదరాబాదు ఇళ్ల ముందు మాత్రం రోజూ కనిపించే దృశ్యం ఒకటుంది. నీళ్ల ట్యాంకరు వస్తుంది, రెండడుగుల ఇనప మూత తీసి పక్కకు లాగుతారు, పైపు లోపల వేస్తారు. డ్రైవరు లారీలో కూర్చుంటాడు, ఇంటివాళ్లు డబ్బులు తేవడానికి లోపలికి వెళ్తారు. నీళ్ల చప్పుడుకు వీధిలో పిల్లలు చుట్టూ చేరతారు. ట్యాంకరు నిండుకునేదాకా ఆ నోరు తెరిచే ఉంటుంది.

అడ్డు కట్టడం

హెచ్చరిక బోర్డు యజమానికి కాస్త ధైర్యం ఇస్తుందేమో గానీ చదవడం రాని పిల్లకు అదొక రంగు పలక. పనికొచ్చేది కంచె. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం కనీసం 4 అడుగుల ఎత్తు కంచె ఉండాలంటుంది. గేటు దానంతటదే మూసుకుని గడియ పడాలి, కొలనువైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి. పక్కన కుర్చీ, కుండీ, ఏసీ బాక్సు ఉంటే పిల్లలకు అవే మెట్లు. ఇంటిగోడను ఒకవైపు కంచెగా లెక్కేసి మూడువైపులే కట్టడం తప్పు. నాలుగువైపులా విడిగా కంచె ఉన్న ఈతకొలనులో పిల్లలు మునిగే ముప్పు మూడువైపుల కంచె ఉన్నదానికన్నా 83 శాతం తక్కువ.

అలంకారపు కొలనుకు కంచె అందం చెడగొడుతుందనుకునేవాళ్లకు ఇనప జాలీ ఉంది. పిల్ల బరువు ఆపేంత గట్టిగా, నీటి మట్టానికి పైనే బిగించాలి. ఆకులు పడకుండా వేసే నైలాను వల ఈ పనికి రాదు. పిల్ల దానిలో చుట్టుకుపోతుంది. సంపు మూతకు కీలు, తాళం రెండూ ఉండాలి. కింద ఇనప చువ్వల జాలీ ఒకటి శాశ్వతంగా బిగిస్తే పైమూత తెరిచినా పైపు దూరుతుంది, పిల్ల దూరదు. వెల్డింగు షాపులో ఒక పూట పని. ప్లాస్టిక్ షీటు పరిచిన సేద్యపు కుంటకు కంచెతో పాటు, పడినవాళ్లు పట్టుకుని ఎక్కేలా ముడులు వేసిన మోకులు నాలుగువైపులా గట్టునుంచి నీళ్లలోకి వేలాడదీయాలి.

బంగ్లాదేశ్ పల్లెల్లో పిల్లలు ఎక్కువగా మునిగేది ఇంటి పక్క కుంటల్లోనే, తల్లులు పనిలో ఉండే పొద్దుటి పూటే. అక్కడి ప్రభుత్వం 2022లో 8,000 శిశు సంరక్షణ కేంద్రాల పథకానికి ఆమోదం తెలిపింది. ఇంటి వెనకే కాలువా చేపల చెరువూ ఉండే కోనసీమ, కొల్లేటి ఊళ్లలో అంగన్‌వాడీ వేళలు ఈ కోణంలోంచి కూడా చూడదగ్గవి.

పడిపోతే

ఈత రానివాళ్లు దూకకూడదు. మోకు, చీర, వెదురు గడ, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా, ఏది దొరికితే అది అందించాలి. బిడ్డను బయటికి తీశాక తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లలో ఇంకా చేస్తున్నారు. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఎత్తి, ముందు నోటితో ఊపిరి ఊదాలి, ఆ వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బిడ్డ కళ్లు తెరిచి ఏడ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లి కొన్ని గంటలు డాక్టర్ల కనుసన్నల్లో ఉంచాలి. లోపలికి పోయిన నీటివల్ల ఊపిరి ఇబ్బంది ఆ తర్వాత కూడా మొదలుకావచ్చు.