సెకనుకు మూడు మెరుపులు

1997 డిసెంబర్ 16, మంగళవారం, సాయంత్రం ఆరున్నర. జపాన్‌లో ఊరూరా పిల్లలు టీవీల ముందు చేరారు. టీవీ టోక్యో చానల్లో పోకెమాన్ కార్టూన్ సీరియల్ 38వ ఎపిసోడ్ మొదలైంది. ఆ వారం కథ కంప్యూటర్ లోపలి లోకంలో నడుస్తోంది. ఇరవై నిమిషాలు గడిచాయి. మీదికి దూసుకొస్తున్న క్షిపణులపై పికాచు అనే పాత్ర పిడుగు విసిరింది. పేలుడు కనబడాలి కాబట్టి తెర నిండా ఎరుపు, నీలం ఒకదాని వెంట ఒకటి మెరిశాయి. సెకనుకు సుమారు 12 సార్లు, నాలుగైదు సెకన్ల పాటు. అంతే.

ఆ రాత్రి 685 మంది పిల్లలను ఆంబులెన్సుల్లో ఆసుపత్రులకు తీసుకెళ్ళారు. కొందరు కొట్టుకుంటూ పడిపోయారు, కొందరికి వాంతులు, కొందరికి చూపు మసకబారింది. ఇళ్ళలోనే తేరుకున్న పిల్లలు ఇంకా వేలమంది. ఏం జరిగిందో చెప్పడానికి రాత్రి వార్తల్లో అదే దృశ్యాన్ని మళ్ళీ వేశారు. అది చూసి మరికొందరు పడిపోయారు.

ఎవరూ చనిపోలేదు. ఎక్కువమంది కొద్ది గంటల్లోనే కోలుకున్నారు. ఆ ఎపిసోడ్‌ను మాత్రం మళ్ళీ ఎక్కడా ప్రసారం చేయలేదు, జపాన్ దాటి బయటికీ రానివ్వలేదు. పోకెమాన్ నాలుగు నెలలు ఆగిపోయి 1998 ఏప్రిల్‌లో తిరిగి వచ్చింది. 1996లో నింటెండో గేమ్ బాయ్ మీద ఆటగా పుట్టిన కథ కాబట్టి ప్రసారం మర్నాడు స్టాక్ మార్కెట్లో ఆ సంస్థ షేరు కూడా పడింది. కానీ ఈ కథలో అన్నిటికన్నా పట్టించుకోవలసిన సంగతి ఇది: ఆసుపత్రికి చేరిన పిల్లల్లో చాలామందికి అంతకుముందు ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. మెరుపులకు మూర్ఛ వచ్చే గుణం తమకు ఉందని వాళ్ళకు తెలియదు, తల్లిదండ్రులకూ తెలియదు. ‘మూర్ఛ ఉన్నవారు చూడకండి’ అని ముందుగా ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఆ మాట వాళ్ళ గురించేనని ఎవరనుకుంటారు?

వెలుగు మిణుకుమంటే మనిషి పడిపోవచ్చునన్నది టీవీలు వచ్చాక పుట్టిన అనుమానం కాదు. 2వ శతాబ్దపు రోమన్ రచయిత అపులేయస్, తనమీద మోపిన మంత్రవిద్య నేరానికి సమాధానం చెప్పుకుంటూ, తిరిగే కుమ్మరి సారెను చూసినా మూర్ఛరోగి పడిపోతాడని అన్నాడు. ఆయన ఉద్దేశం వెలుగు మిణుకా, సారె తిరుగుడా అని పండితులు ఇప్పటికీ తర్జనభర్జన పడుతుంటారు. చెట్ల వరస పక్కనుంచి బస్సులో వెళ్తున్నప్పుడు, సాయంత్రపు ఎండ కొమ్మల సందుల్లోంచి టకటకా కళ్ళమీద కొట్టడం అందరికీ అనుభవమే. చాలామందికి అది చిరాకు. కొద్దిమందికి ప్రమాదం.

దాన్ని ప్రయోగశాలలోకి తెచ్చినవాడు బ్రిస్టల్‌లోని బర్డెన్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన గ్రే వాల్టర్. 1946లో ఆయనా, సహచరులూ కోరిన వేగంతో వెలిగి ఆరే స్ట్రోబోస్కోప్ దీపాన్ని మనుషుల కళ్ళముందు పెట్టి, మెదడులో పుట్టే విద్యుత్ అలలు దానికి ఎలా స్పందిస్తాయో నమోదు చేశారు. తల వెనుక భాగంలో, చూపును గ్రహించే మెదడు పొరలో, లక్షల కణాలు ఎవరి పని వాళ్ళు చేసుకుపోతుంటాయి. దీపం ఒక వేగంతో కొడుతుంటే అవన్నీ ఆ తాళానికే అడుగులు వేయడం మొదలుపెడతాయి. మామూలు మెదడు ఆ ఊపును కాసేపట్లో అదుపు చేసుకుంటుంది. అదుపు చేసుకోలేని మెదడులో అది పక్కకు పాకి మూర్ఛ అవుతుంది. ఎక్కువమందికి ప్రమాదం తెచ్చేది సెకనుకు 15 నుంచి 25 సార్లు మెరిసే వెలుగు. ముదురు ఎరుపు అయితే మరీ చెడ్డది. నేడు మన ఊళ్ళలో ఈఈజీ తీసేటప్పుడు టెక్నీషియన్ కళ్ళముందు లైటు మిణుకుమనిపించడం ఆ ప్రయోగాల వారసత్వమే.

ఈ గుణం ఉన్నవారు సుమారు 4,000 మందిలో ఒకరు. మూర్ఛ ఉన్నవారిని మాత్రమే లెక్కిస్తే నూటికి ముగ్గురు. పెద్దవారికన్నా పిల్లల్లో, యౌవనంలోకి అడుగుపెట్టేవారిలో ఎక్కువ. అంటే ఎవరికోసం వీడియో గేములు తయారవుతాయో సరిగ్గా వాళ్ళలో.

1981లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక చిన్న లేఖ వచ్చింది. దాని శీర్షికలో ‘స్పేస్ ఇన్వేడర్’ మూర్ఛ అన్న మాట ఉంది. ఆర్కేడ్‌లలో ఆ ఆట ఉర్రూతలూపుతున్న రోజులవి. వైద్యులకు ఆనాడే తెలిసిన ఆ సంగతి జనం చెవిన పడడానికి మరో పన్నెండేళ్ళు పట్టింది. 1993 జనవరిలో, ఆట ఆడుతూ మూర్ఛ వచ్చి ఒక టీనేజి కుర్రాడు చనిపోయాడన్న వార్త బ్రిటిష్ దినపత్రికల్లో పతాక శీర్షిక అయింది. ప్రభుత్వం పరిశోధన చేయించింది. ఆట మధ్యలో మొట్టమొదటిసారి ఫిట్స్ వచ్చినవారిలో 7 నుంచి 19 ఏళ్ళవారే ఎక్కువని తేలింది. తయారీదారులు ఆట పెట్టెలోని పుస్తకంలో హెచ్చరిక అచ్చువేయడం మామూలైంది.

ఆ పుస్తకం ఎవరు చదివారు?

మన దగ్గర 1990లలో వీడియో గేమ్ అంటే వీధి మలుపులో ఒక ఇరుకు గది, రెండు మూడు పాత టీవీలు, గంటకింత అని అద్దె. మారియో, కాంట్రా. నింటెండోకు నకళ్ళుగా వచ్చిన యంత్రాలు, ఒకే క్యాసెట్‌లో పదుల ఆటలు. వెలుతురు పడితే తెర కనబడదని తలుపు దగ్గరగా వేసేవారు. కంట్రోలర్ తీగ ఎంత పొడవో పిల్లవాడు తెరకు అంత దూరంలో కూర్చునేవాడు. ఆ పిల్లవాడి చేతికి ఏ పుస్తకమూ రాదు, వచ్చినా అందులోని ఇంగ్లీషు అర్థం కాదు. పైగా మన టీవీలు బ్రిటన్ టీవీల్లాగే 50 హెర్ట్జ్ పద్ధతివి. దగ్గరగా కూర్చుంటే ఆ తెరమీది గీతలు సెకనుకు 25 సార్లు మిణుకుమనేవి. జపాన్, అమెరికా టీవీల్లో అది 30. ఆ అయిదు తేడాయే కొందరి మెదడుకు చాలా పెద్ద తేడా. చీకటి గది, దగ్గర కూర్చోవడం, గంటల తరబడి ఆడిన అలసట, చాలని నిద్ర: ముప్పును పెంచేవని వైద్యులు చెప్పినవన్నీ ఆ గదిలో ఒకచోట చేరాయి.

ఆ గదుల్లో ఎందరు పిల్లలు పడిపోయారో ఎవరూ రాసిపెట్టలేదు. రాసిపెట్టకపోవడానికి కారణం వెతకనక్కర్లేదు. మూర్ఛ మన ఇళ్ళలో దాచుకునే జబ్బు. పడిపోయినవాడి గుప్పిట్లో తాళాలగుత్తి కుక్కి, లేచాక ‘ఎండకు కళ్ళు తిరిగాయి’ అని ఇరుగుపొరుగుకు చెప్పిన తల్లులు ఎందరో. ఆడపిల్ల అయితే మరీ గుట్టు. హిందూ వివాహ చట్టమే మాటిమాటికీ మూర్ఛ వచ్చేవారు పెళ్ళికి తగరన్నట్టు మాట్లాడింది. ఆ మాటను చట్టంలోంచి తీసేయడానికి 1999 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ భయం ఉన్నచోట టీవీ ముందు వచ్చిన ఫిట్స్ గురించి డాక్టరుకు చెప్పడమే కష్టం, ఆట తయారుచేసినవారికి ఫిర్యాదు చేయడం ఇంకెక్కడ! తాళాలగుత్తి వల్ల ఉపయోగం లేదనీ, మనిషిని పక్కకు ఒత్తిగిల్లబెట్టాలనీ, నోట్లో ఏమీ పెట్టకూడదనీ, అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలనీ ఈనాటికీ ప్రతి ఇంటికీ తెలియదు. తెలియాలి.

బ్రిటన్‌లో 1993లోనే మరో సంఘటన జరిగింది. అదే ఈ చరిత్రకు మలుపు. ఒక నూడుల్స్ ప్రకటన టీవీలో వచ్చింది, అందులోని మెరుపులకు ముగ్గురికి మూర్ఛ వచ్చింది. ప్రసారాలను పర్యవేక్షించే ఇండిపెండెంట్ టెలివిజన్ కమిషన్ అప్పుడు పుస్తకంలో హెచ్చరిక రాయమనలేదు. మెరుపులకే కొలత పెట్టింది. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయంలో ఈ తరహా మూర్ఛ మీద ఏళ్ళతరబడి పనిచేసిన గ్రాహమ్ హార్డింగ్ దానికి తోడ్పడ్డాడు. తెరలో నాలుగోవంతుకు మించిన భాగం సెకనుకు మూడుసార్లకన్నా ఎక్కువ మెరవకూడదు. ముదురు ఎరుపు మెరుపులకు వేరే కట్టడి. దట్టమైన చారల నమూనాలకూ హద్దులు. ఎంత వెలుగు మారితే మెరుపు అనాలన్నదానికి కూడా లెక్క కట్టారు: చదరపు మీటరుకు 20 కాండెలాలు. 2000 తర్వాత హార్డింగ్ పేరుతోనే ఒక పరీక్షా యంత్రం వచ్చింది. ప్రసారానికి ముందు ప్రతి ఫ్రేమునూ అది చూస్తుంది, కొలత దాటితే ఆపమంటుంది.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ ప్రజారోగ్య చరిత్రలో పెద్దది. హెచ్చరిక రాసినప్పుడు భారం చూసేవాడిమీద పడుతుంది. బొమ్మనే కొలిచినప్పుడు తయారుచేసేవాడిమీద పడుతుంది. తన గుణం తనకే తెలియని పిల్లవాడిని కాపాడగలిగింది ఆ రెండోదే.

పోకెమాన్ దెబ్బ తిన్నాక జపాన్ ప్రసార సంస్థలు ఆశ్రయించింది కూడా ఈ బ్రిటిష్ కొలతలనే. రంగుల్ని అలా టపటపలాడించే పద్ధతిని యానిమేషన్ చిత్రకారులు ‘పకాపకా’ అనేవారు. తక్కువ ఖర్చుతో తెరమీద ఉద్వేగం పుట్టించే ఉపాయం అది, అప్పటికి ఎన్నో సీరియళ్ళలో వాడినదే. 1998 ఏప్రిల్‌లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే, ప్రైవేటు చానళ్ళ సంఘం కలిసి ఎర్ర మెరుపులకు, వాటి వేగానికి, వ్యవధికి, చారలకు, సుడులకు హద్దులు గీశాయి. గదిలో దీపం వేసుకుని, తెరకు దూరంగా కూర్చుని చూడమనే మాట కార్టూన్ల మొదట్లో వేయడం అలవాటైంది. 2005లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఈ కొలతలను ప్రపంచం ముందు పెట్టింది. 2008లో వెబ్‌సైట్ల ప్రమాణాల్లోకీ అదే మూడు మెరుపుల నియమం చేరింది.

ఆటలు మాత్రం వెనకబడ్డాయి. దానికి నిజమైన సాంకేతిక కారణం ఒకటి ఉంది. టీవీ ఎపిసోడ్ అందరికీ ఒకటే, ఒకసారి పరీక్షిస్తే పని అయిపోతుంది. ఆటలో బొమ్మను పుట్టించేది ఆడేవాడి బొటనవేలు. ఒకడు ఒక్క తూటా పేలుస్తాడు, ఇంకొకడు వంద. ప్రతి దారినీ పరీక్షించడం సాధ్యం కాదు. కానీ ఆ కారణం చాటున ఏమీ చేయకపోవడం చాలాకాలం సాగింది. 2007లో బ్రిటన్‌లో ఆట ఆడుతూ కొడుకుకు మూర్ఛ వచ్చిన ఒక తల్లి ఊరుకోకుండా ఉద్యమించింది. ఆ తర్వాత యూబీసాఫ్ట్ అనే ఆటల సంస్థ, తాము తయారుచేసే ఆటలను ముందే పరీక్షిస్తామని ప్రకటించింది. చట్టం అడగకముందే ఒక తల్లి అడిగి సాధించుకున్న సంగతి అది.

2020 డిసెంబర్‌లో సైబర్‌పంక్ 2077 అనే ఆట విడుదలకు రెండు మూడు రోజుల ముందు, దాన్ని సమీక్షిస్తున్న ఒక పాత్రికేయురాలికి మూర్ఛ వచ్చింది. ఆటలో ఒక పాత్ర తలకు తగిలించుకునే పరికరం కళ్ళముందు ఎరుపు, తెలుపు లైట్లను టపటపలాడిస్తుంది. వైద్యులు మూర్ఛను రప్పించి పరీక్షించడానికి వాడే దీపం చేసే పని కూడా అదే. జరిగింది దాచకుండా ఆమె, ఏ సన్నివేశాల దగ్గర జాగ్రత్త పడాలో వివరంగా రాసింది. ఆట తయారుచేసిన సంస్థ మొదట తెరమీద హెచ్చరిక చేర్చింది, కొద్ది రోజుల్లోనే ఆ మెరుపుల తీరునే మార్చింది. కాగితం మీది మాటనుంచి బొమ్మ మార్పుదాకా మామూలుగా ఏళ్ళు పట్టే ప్రయాణం ఇక్కడ వారం లోపలే జరిగింది. అంతకుముందు ఆడినవారికి అది అందలేదన్న బాధ మాత్రం మిగిలింది.

2023 డిసెంబర్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే ఆటల సంస్థ ఐరిస్ అనే పరీక్షా సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేసింది. ఆట ఆడిన వీడియోను దానికి ఇస్తే ఎక్కడెక్కడ మెరుపులు హద్దు దాటాయో చూపిస్తుంది. హైదరాబాద్‌లో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు కలిసి తయారుచేసే చిన్న ఆటకు కూడా ఇప్పుడు ఖర్చు అడ్డం కాదు.

తెర కూడా మారింది. పాత గాజు గొట్టపు టీవీలు పోయాయి, వాటితోపాటు ఆ 25 మిణుకులూ పోయాయి. ఇప్పుడు మెరుపు వచ్చేది బొమ్మలోంచే. ఫోన్లో వేలు జరిపితే చాలు, ఏ పరీక్షకూ నిలబడని వీడియో ఎదురవుతుంది. మూర్ఛ ఉన్నవారికి కావాలని మెరిసే బొమ్మలు పంపి పడేసే దుర్మార్గులు కూడా ఉన్నారు. బ్రిటన్ 2023లో దాన్ని నేరంగా ప్రకటించింది. అదే ఏడాది ఆపిల్ తన ఫోన్లలో, వీడియోలో మెరుపులు వస్తే వాటంతట అవే మసకబారే ఏర్పాటు చేసింది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉంటుంది, మనం వెళ్ళి ఆన్ చేసుకోవాలి. చాలా కొత్త ఆటల్లోనూ మెరుపుల్ని తగ్గించుకునే మీట ఉంటోంది.

మీట దొరకనప్పుడు, తెర అకస్మాత్తుగా మెరవడం మొదలుపెడితే, పిల్లలకు నేర్పవలసింది ఒకటుంది. రెండు కళ్ళూ గట్టిగా మూసుకోకూడదు. రెప్పల గుండా వెలుగు ఎర్రగా దిగి ముప్పును పెంచుతుంది. ఒక అరచేత్తో ఒక కన్ను పూర్తిగా కప్పుకుని, ముఖం పక్కకు తిప్పుకోవాలి. మెదడుకు అందే మెరుపు సగమవుతుంది. వీడియో గేమ్ కొనిచ్చిన రోజునే, కంట్రోలర్ చేతికి ఇచ్చే ముందు, రెండు నిమిషాల్లో చేసి చూపించవచ్చు.