అక్బరీ, అస్గరీ, చాందినీ

మొన్న బడి నుంచి మార్కుల కాగితం వచ్చింది. పెద్దమ్మాయికి హిసాబ్‌లో, అదే లెక్కల్లో, మార్కులు తగ్గాయి. నా నోరు జారింది. "చెల్లెల్ని చూసి నేర్చుకో!" అన్నాను. పిల్ల ఏడవలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది. ఏడ్చినా బాగుండేది.

రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మాట ఎక్కడో విన్నాననిపించింది. విన్నాను కాదు, చదివాను. నూటయాభై ఏళ్ళ నాటి కితాబ్‌లో.

డిప్టీ నజీర్ అహ్మద్ 'మిరాతుల్ ఉరూస్' 1869లో వచ్చింది. ఉర్దూలో అదే తొలి నవల అని చాలామంది అంటారు. కానీ ఆయన దాన్ని లోకం కోసం మొదలుపెట్టలేదు. ఇంట్లో పిల్లలు చదువుకోవడానికి తగిన పుస్తకాలు దొరక్క తానే కలం పట్టారు. పెద్దమ్మాయికి ఈ కథ, చిన్నమ్మాయికి 'ముంతఖబుల్ హికాయాత్', కొడుకు బషీర్‌కి 'చంద్ పంద్'. విద్యాశాఖ పెద్ద కెంప్సన్ దొర కంట అవి పడ్డాయి. 'మిరాతుల్ ఉరూస్'కి సర్కారు వెయ్యి రూపాయల ఇనామ్ ఇచ్చింది.

ముగ్గురు పిల్లలకు మూడు కితాబులు! ఏ బిడ్డ తబియత్ ఏమిటో చూసి రాసిన తండ్రి. కానీ కథలో ఆయనేం చేశారు? అక్కాచెల్లెళ్ళని పెట్టారు. పెద్దది అక్బరీ మొండిది, ఇల్లు నిలబెట్టుకోలేనిది. చిన్నది అస్గరీ సర్వగుణ సంపన్న. తరతరాల ముస్లిం ఇళ్ళలో ఆడపిల్లల్ని ఆ రెండు పేర్లతోనే తూచారు. అక్బరీకీ ఏదో హునర్ ఉండి ఉంటుందేమో! దాన్ని వెతికే ఓపిక ఆ కథకి లేదు. మొన్న నాకూ లేదు.

ఆ తర్వాత ఉర్దూ పిల్లల పుస్తకాలు మెల్లగా మెత్తబడ్డాయి. మీరట్‌కి చెందిన ఇస్మాయిల్ మేరఠీ (1844–1917) బడిపిల్లల కోసం వాచకాలు రాశారు. ఆవు మీద, నీళ్ళతో తిరిగే పిండిమర మీద నజ్మ్‌లు కట్టారు. అవి మా ఉర్దూ మీడియం బడిదాకా వచ్చాయి. 1909లో లాహోర్ నుంచి సయ్యద్ ముంతాజ్ అలీ 'ఫూల్' అనే పిల్లల వారపత్రిక తెచ్చారు. నసీహత్ పోలేదు గానీ, దాని చేతిలో బెత్తం పోయింది.

అసలు మలుపు జామియా మిల్లియాది. 1920లో అలీగఢ్‌లో పుట్టి, 1925లో ఢిల్లీ చేరింది. డబ్బుల్లేవు. అయినా 1926లో 'పయామె తాలీమ్' పత్రిక మొదలుపెట్టారు. 1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త ఇమారత్‌కి పునాదిరాయి వేయించాల్సి వచ్చినప్పుడు ఏ నవాబునీ పిలవలేదు. బడిలో అందరికన్నా చిన్న పిల్లాడి చేత వేయించారు. పిల్లాడికి అంత ఇజ్జత్ ఇచ్చినచోట పిల్లల కథలు కూడా మారకుండా ఉంటాయా?

ఆ జామియాని నడిపించిన జాకిర్ హుసేన్ మన హైదరాబాద్‌లోనే 1897లో పుట్టారు. బెర్లిన్‌లో డాక్టరేట్ చేసి వచ్చి, పిల్లల కోసం కథలు రాశారు. సొంత పేరుతో కాదు, రుఖయ్యా రైహానా అనే పేరుతో. అది చిన్నప్పుడే పోయిన ఆయన కూతురి పేరు. రాష్ట్రపతి అయింది చాలా తర్వాత, 1967లో. నాకు మాత్రం ఆయన ముందు 'అబ్బూ ఖాన్ కీ బక్రీ' రాసిన మనిషి.

ఫ్రెంచ్ కథకి ఆయన ఉర్దూ కుర్తా తొడిగారు. అల్మోడా కొండల దగ్గర ముసలి అబ్బూ ఖాన్. ఆయన మేకలన్నీ తాళ్ళు తెంపుకుని కొండెక్కుతాయి, తోడేలు తినేస్తుంది. చివరికి తెచ్చుకున్న తెల్ల మేక చాందినీ. దానికీ కొండ కావాలి. తోడేలు ఉందని చెప్తే, అల్లా నాకు కొమ్ములిచ్చాడుగా అంటుంది. గదిలో పెట్టి తలుపేస్తే కిటికీలోంచి వెళ్ళిపోతుంది. రాత్రంతా తోడేలుతో పోరాడి, తెల్లారేసరికి పడిపోతుంది. చెట్టు మీద పక్షులన్నీ తోడేలే గెలిచిందంటాయి. ఒక్క ముసలి పక్షి మాత్రం చాందినీ గెలిచిందంటుంది.

కథ మేకని ఇంకో మేకతో పోల్చదు. నీకిచ్చిన కొమ్ములు ఏవో తెలుసుకో, నీ తాకత్ మేరకు నిలబడు అంటుంది, అంతే. 1937లో వార్ధా సమావేశం తర్వాత చేతిపనితో చదువు అనే పథకం తయారుచేసిన కమిటీకి ఈయనే పెద్ద. పిల్లల చేతుల్లో ఏముందో చూడమన్న మనిషే ఈ కథా రాశారు.

ఈ కథ మా ఉస్తాద్ చెప్పారు. లెక్కల గంటలో నేను 'నాలాయఖ్'ని, పనికిరానివాణ్ణి. మర్నాడు ఇదే కథని క్లాసుకి నన్ను చెప్పమన్నారు. చెప్పాను. ముసలి పక్షి దగ్గరకొచ్చేసరికి క్లాసంతా నిశ్శబ్దం. "తేరే పాస్ జబాన్ హై" అన్నారాయన. నీకు మాట ఉందిరా అని. తర్వాత తెలుగులో డిగ్రీ చేస్తానంటే ఉర్దూవాడికి తెలుగేంటని నవ్వినవాళ్ళున్నారు. నేను ఆ ఒక్క మాట పట్టుకునే నడిచాను. ఇవాళ పత్రికలో నా అన్నం దాని మీదే.

మా పిల్లలకి ఉర్దూ చదవడం రాదు. ఆ తప్పూ నాదే. మర్నాడు రాత్రి పెద్దదాన్ని పక్కన కూచోబెట్టుకుని చాందినీ కథ తెలుగులో చెప్పాను. అంతా విని అడిగింది:

"అంత ప్రేమ ఉంటే గదిలో ఎందుకు పెట్టాడబ్బా?"

"భయంతో బేటా" అన్నాను. "అబ్బాలకి భయమెక్కువ. నిన్న నేనన్నదీ అందుకే. మాఫ్ కర్."

సంచిలోంచి మార్కుల కాగితం తీసింది. మడత విప్పి, సంతకం పెట్టమని నా చేతికిచ్చింది.