పలనాటి సున్నపురాయి, వేమవరం షేల్: రెండు అవక్షేప శిలల చరిత్ర

అమరావతి ఫలకాలను పాలరాతి శిల్పాలుగా పేర్కొనడం పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల రచనల నుంచి సంక్రమించిన పొరపాటు. పాలరాయి రూపాంతర శిల. స్తూపానికి తొడిగినది పలనాటి సున్నపురాయి, అంటే అవక్షేప శిల. దాని కణాలు సన్నగా ఉండటం వల్ల ఉలికి లొంగింది, నగల నకిషీని సైతం నిలుపుకుంది. కానీ అదే కాల్షియం కార్బొనేట్‌ను కాల్చితే సున్నమవుతుంది. 1797లో కాలిన్ మెకంజీ ఈ దిబ్బను చూశాడు. 1816లో తిరిగివచ్చేసరికి చాలా భాగం ధ్వంసమైంది. కొన్ని ఫలకాలు కట్టడాలలో కలిశాయి, కొన్ని బట్టీలలో సున్నమయ్యాయి. విధ్వంసానికి మనుషుల అజ్ఞానాన్నే కారణంగా చూపే చరిత్రకారులు రాతి రసాయన స్వభావాన్ని విస్మరించారు.

ఒంగోలు ప్రాంతపు వేమవరం షేల్ ఇందుకు భిన్నం. బంకమట్టి గట్టిపడి ఏర్పడిన ఈ శిల పలుచని పొరలుగా చీలిపోతుంది. శిల్పానికి పనికిరాదు, సున్నపు బట్టీకీ అక్కరకు రాదు. దాన్ని గురించి శాసనాలు పలకకపోవడంలో వింత లేదు. రాబర్ట్ బ్రూస్ ఫూట్ తూర్పుతీరపు శిలలపై 1879లో వెలువరించిన గ్రంథంతో అది శాస్త్రచరిత్రలోకి వచ్చింది. క్రెటేషియస్ తొలికాలపు ఈ పొరలలో నేలమీది మొక్కల ఆకుల ముద్రలతో పాటు సముద్రజీవులైన అమ్మోనైట్ల అవశేషాలూ ఉన్నాయి. కనుక ఆ ఆకులు తీరానికి చేరువలోని సముద్రంలోకి కొట్టుకువచ్చి పూడిపోయాయని చెప్పవచ్చు.