పచ్చి ఆహారం (గోదావరి – కొల్లేరు ప్రాంతం)

పండ్లు, ఆకులు, మొలకలు, గింజలు పొయ్యి ఎక్కించకుండా తినే పద్ధతి పచ్చి ఆహారం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో శ్రీరామనవమి వడపప్పు, పచ్చి చలిమిడి, వేసవి ముంజెలు తరతరాలుగా ఉన్నవే. పూటభోజనం మాత్రం ఎప్పుడూ అన్నమే.

జర్మన్ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే గ్రంథాన్ని వెంకటచలపతి శర్మ 1894లో తెలుగు చేయడంతో ప్రకృతి వైద్యం ఇక్కడ ప్రచారానికి వచ్చింది.

పచ్చి ఆహారానికి అసలు ఘట్టం 1929. ఆంధ్ర పర్యటనలో గాంధీజీ రాజమండ్రిలో ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న సుందరం గోపాలరావును కలిశారు. ప్రకృతి వైద్యంలోని తొట్టిస్నానాలు మంచివే గాని, రోగం పోవాలంటే వంటలో నిప్పునే మానాలన్నది గోపాలరావు వాదం. గాంధీజీ మే నెలలోనే పచ్చి తిండి మొదలుపెట్టారు. రోజుకు 8 తులాల గోధుమ మొలకలు, 8 తులాల బాదం ముద్ద, 8 తులాల నూరిన ఆకుకూర, 6 నిమ్మకాయలు, 2 ఔన్సుల తేనె. (8 తులాలంటే సుమారు 93 గ్రాములు.) జూన్ 13 ‘యంగ్ ఇండియా’లో ఈ లెక్కంతా దాపరికం లేకుండా ప్రకటించారు. జిగట విరేచనాలు పట్టుకోవడంతో ఆగస్టులో ఆపేశారు. ఆ సంగతినీ అంతే నిజాయితీగా రాశారు. 1942లో రాసిన ‘కీ టు హెల్త్’ దినభోజన పట్టికలో పచ్చి కూరలకు మిగిలింది ఒక్క ఔన్సు.

తర్వాతి కాలంలో భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు, విజయవాడ దగ్గర కృష్ణా కరకట్టపై మంతెన సత్యనారాయణరాజు ఈ మార్గాన్ని జనంలోకి తీసుకెళ్ళారు. ఉప్పు, నూనె లేని తిండి, ఉదయం మొలకలు, రాత్రి పండ్లు మంతెన పద్ధతిలో ముఖ్యం.

పచ్చివాటిలో సి విటమిన్ వేడికి పోకుండా నిలుస్తుంది. పీచు వల్ల మలబద్ధకం తగ్గుతుంది, బరువు అదుపులోకి వస్తుంది. టమాటాలోని లైకోపీన్, క్యారట్‌లోని కెరోటిన్ మాత్రం ఉడికితేనే ఒంటికి బాగా అందుతాయి. పాలు కూడా మానేస్తే బి12 అందదు. గర్భిణులకు, పసివాళ్ళకు అది ప్రమాదం. తేమలో పెరిగే మొలకల్లో సూక్ష్మజీవులూ పెరుగుతాయి.

ఈ ప్రాంతంలో నీటిని మరింత గమనించాలి. బుడమేరు, తమ్మిలేరు, డ్రెయిన్లు మోసుకొచ్చేదంతా కొల్లేటికే చేరుతుంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రి పాలయ్యారు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలనూ నిపుణులు అనుమానించారు. ఉడకబెట్టడం సూక్ష్మజీవులను చంపుతుంది గాని సీసాన్ని తొలగించలేదు. ఆకుకూరను శుభ్రమైన నీటిలో పలుమార్లు కడిగితే పైనున్న మట్టి, మందు కొంత పోతాయి.

పచ్చిగా తినడం చేపలకు మాత్రం పనికిరాదు. కొల్లేటి వంటలో కొరమీనైనా పులుసులో బాగా ఉడకాల్సిందే. మంచినీటి చేపల్లో ఉండే పరాన్నజీవులు ఆ వేడికి చచ్చిపోతాయి.