డయోడ్ దగ్గర ఆగిపోయిన కంటైనర్లు

మన సత్యవేడు రోడ్ల మీద శ్రీసిటీకి వచ్చే పోయే కంటైనర్ లారీల్ని రోజూ చూస్తుంటాం కదా. విదేశం నుంచి వచ్చే ఏ కంటైనరైనా పోర్టు దాటాలంటే ముందు ఒక ప్రశ్నకి జవాబు కావాలి. లోపలున్న వస్తువు ఏంటి? మనం పిలిచే పేరు చాలదు, కస్టమ్స్ వాళ్ళకి 8 అంకెల కోడ్ కావాలి. ఆ కోడ్‌ని బట్టే సుంకం. 2017 చివర్లో, ఇక్కడికి రెండు గంటల దూరంలో ఉన్న చెన్నై పోర్టులో, సోలార్ ప్యానెళ్ళకి ఈ ప్రశ్నే అడ్డం పడింది.

అప్పటిదాకా ప్యానెళ్ళు 8541 కింద వచ్చేవి. డయోడ్లు, ట్రాన్సిస్టర్లు, సోలార్ సెల్స్ ఉండే గుంపు అది. 1996లో ప్రపంచ దేశాలు ఐటీ వస్తువుల మీద సుంకం తీసేయాలని ఒప్పందం చేసుకున్నాయి, మరుసటి ఏడాది మన దేశం కూడా చేరింది. ఆ గుంపులో ఉండడం వల్లే ప్యానెళ్ళకి సున్నా సుంకం.

చెన్నైలో అధికారులు కాదన్నారు. ఇది 8501, అంటే మోటార్లు, జనరేటర్ల గుంపు, 7.5 శాతం కట్టండి అన్నారు. వాళ్ళ మాట గాల్లోంచి పుట్టలేదు. కోడ్ల పుస్తకానికి ఒక వివరణ ఉంది. ప్యానెల్‌లో డయోడ్ లాంటి చిన్న భాగమైనా సరే ఉండి, దాని ద్వారా మోటారు లాంటి వాటికి నేరుగా కరెంటు అందుతుంటే అది 8541 కాదు, 8501. మరి ప్యానెల్ వెనక డబ్బాలో డయోడ్లు ఉన్నాయి కదా!

ఉన్నాయి. కానీ ఏం పని చేస్తున్నాయి? 72 సెల్స్ ఉండే మామూలు ప్యానెల్‌లో 3 బైపాస్ డయోడ్లుంటాయి, ఒక్కోటి 24 సెల్స్‌కి కాపలా. ఒక సెల్ మీద ఆకు పడిందనుకోండి. ఆ సెల్ కరెంటు ఇవ్వదు, పైగా మిగతా సెల్స్ కరెంటుకి అడ్డుపడి వేడెక్కుతుంది. అప్పుడు డయోడ్ ఆ కరెంటుని పక్కదారిన పంపిస్తుంది. అంతే. మోటారుకి కరెంటు ఇచ్చే పని దానిది కాదు. కోడింగ్ తెలిసినోళ్ళకి ఒక మాటలో చెప్పాలంటే, ఇఫ్ కండిషన్‌లో రెండు షరతులుంటే ఒక్కటే చదివి లోపలికి వెళ్ళిపోయారు.

7.5 శాతమే కదా అనుకోకండి. అదే ఏడాది ఏప్రిల్‌లో మన కడప సోలార్ పార్కుకి ఎన్‌టీపీసీ వేలం పెడితే యూనిట్ ₹3.15కి పడిపోయింది, అప్పటికి అదే రికార్డు. అంత తక్కువ రేట్లకి 25 ఏళ్ళు అమ్ముతామని సంతకం పెట్టే కంపెనీలు ప్యానెల్ సుంకం సున్నా అనే లెక్కేసుకుంటాయి. ప్రాజెక్టు ఖర్చులో దాదాపు సగం ప్యానెళ్ళదే. ₹10 కోట్ల సరుకుకి సుంకమే ₹75 లక్షలు. కట్టకపోతే కంటైనర్ కదలదు, నిలబడిన ప్రతి రోజుకీ అద్దె వేరే.

2018 ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి కేంద్ర కస్టమ్స్ బోర్డు తేల్చేసింది. బైపాస్ డయోడ్ ఉన్నంత మాత్రాన ప్యానెల్ జనరేటర్ కాదు, 8541 కిందే ఉంటుంది అని.

హమ్మయ్య అనుకునేలోపే, అదే ఏడాది జూలైలో చైనా, మలేషియా ప్యానెళ్ళ మీద 25 శాతం సేఫ్‌గార్డ్ సుంకం వచ్చింది. 7.5కి అంత గొడవ, 25కి ఏమైపోవాలి? ఇక్కడే అసలు తేడా. సేఫ్‌గార్డ్ సుంకం గెజిట్‌లో వచ్చింది. చట్టం మారింది కాబట్టి కరెంటు రేటులో ఆ భారం కలపండని కంపెనీలు రెగ్యులేటర్‌ని అడగగలిగాయి. చెన్నైలో చట్టం మారలేదు, చదివే తీరు మారింది. అప్పుడు ఎవరిని అడగాలి?

2022లో ప్రపంచ కోడ్ల పుస్తకమే మారింది. విడి సెల్స్‌కి ఒకటి, ప్యానెళ్ళకి ఒకటి, సోలార్ జనరేటర్లకి వేరేగా కోడ్లు ఇచ్చారు. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ప్యానెళ్ళ మీద 40 శాతం సుంకం మొదలైంది.

పన్ను ఎక్కువైతే దానికి తగ్గట్టు లెక్క మార్చుకోవచ్చు. సరుకు ఓడలో ఉండగా దాని పేరు మారిపోతే ఏ లెక్కా నిలబడదు. ఈసారి రోడ్డు మీద కంటైనర్ కనిపిస్తే గుర్తు చేసుకోండి, దాని ప్రయాణం 8 అంకెల మీద నడుస్తోంది.